వర్చువల్ నెట్‌వర్కులలో ఆతిథేయ యంత్రాల మధ్య గుప్తీకరణ: విశాఖపట్నం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒకే భౌతిక యంత్రం మీద అనేక వర్చువల్ యంత్రాలు నడిచే నేటి కంప్యూటర్ వ్యవస్థలలో, ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి వెళ్ళే సమాచారం చాలాచోట్ల సాదాగానే ప్రయాణిస్తోంది. అది బయటి గోడకు లోపల ఉందన్న నమ్మకమే ఇందుకు కారణం. ఆ నమ్మకానికి ఆధారం ఎంత? ఆతిథేయ యంత్రాల మధ్య గుప్తీకరణ ఎలా పనిచేస్తుంది? దానికయ్యే వ్యయం ఏమిటి? అది కాపాడలేనిది ఏది? ఈ నాలుగు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం. రేవు, ఉక్కు కర్మాగారం, నౌకాదళ స్థావరం, రాబోయే డేటా కేంద్రాలు ఒకేచోట ఉన్న విశాఖపట్నాన్ని నేపథ్యంగా తీసుకొని, 1971 నాటి ఘాజీ ఉదంతం మొదలుకొని 2023లో డాకర్ సాఫ్ట్‌వేర్‌లో బయటపడిన లోపం వరకు కొన్ని నిజ సంఘటనల ఆధారంగా ఈ వ్యాసం విషయాన్ని వివరిస్తుంది.

కీలకపదాలు: గుప్తీకరణ, వర్చువల్ యంత్రం, ఆతిథేయ యంత్రం, వీఎక్స్‌లాన్, ఐపీసెక్, కీ నిర్వహణ, విశాఖపట్నం.

1. ప్రవేశిక:

విశాఖపట్నం రేవు 1933లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టులో అది జాతికి అంకితమైంది. తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం ఈ నగరంలోనే ఉంది. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ ఐదేళ్ళలో సుమారు 1500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఇక్కడ కృత్రిమ మేధ కేంద్రాన్ని, దానితోపాటు సముద్రగర్భ కేబుళ్ళు ఒడ్డుకు చేరే ద్వారాన్ని నిర్మించనున్నట్టు ప్రకటించింది. ఇంతకాలం సరుకులకు ద్వారంగా ఉన్న తీరం ఇకపై సమాచారానికి కూడా ద్వారం కాబోతోంది.

రేవులో ఒక కంటెయినర్ కదలాలంటే ముందుగా దాని గురించిన సమాచారం కదలాలి. ఓడ ఎప్పుడు వస్తుంది, అందులో ఏ సరుకు ఉంది, కస్టమ్స్ అనుమతి లభించిందా, ఏ లారీ ఏ గేటు నుంచి బయటికి వెళ్ళాలి అనే వివరాలు ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి అందాలి. ఉక్కు కర్మాగారంలోనూ అంతే. కొలిమి ఉష్ణోగ్రత, ముడిసరుకు పాళ్ళు, రోలింగ్ మిల్లుకు అందే ఆదేశాలు, ఉద్యోగుల జీతాల పట్టికలు అన్నీ సందేశాలుగానే ప్రయాణిస్తాయి. అలాంటి సందేశాన్ని దారిలో ఎవరైనా చదివితే రహస్యం పోతుంది. మారిస్తే సరుకు దారి తప్పుతుంది, కొన్ని సందర్భాలలో ప్రాణాపాయమూ కలుగుతుంది.

ఈ వ్యాసంలో రేవు, కర్మాగారాల పనులను ఉదాహరణలుగా మాత్రమే తీసుకోవడం జరిగింది. ఆయా సంస్థల అంతర్గత నెట్‌వర్కుల నిర్మాణం ఈ వ్యాస పరిధిలోనిది కాదు.

2. ఆతిథేయ యంత్రం – అతిథి యంత్రం:

ఒకప్పుడు ఒక్కొక్క పనికి ఒక్కొక్క సర్వర్ ఉండేది. జీతాల లెక్కలకు ఒకటి, గిడ్డంగి వివరాలకు ఒకటి, ఉత్తరప్రత్యుత్తరాలకు మరొకటి. వాటిలో చాలా యంత్రాలు రోజులో ఎక్కువ భాగం ఖాళీగా ఉండేవి. ఈ వృథాను అరికట్టడానికి వచ్చిన పద్ధతే వర్చువలైజేషన్. ఇందులో ఒక శక్తిమంతమైన భౌతిక యంత్రం మీద హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ పనిచేస్తుంది. అది యంత్రంలోని ప్రాసెసర్‌ను, జ్ఞాపకశక్తిని, డిస్కును భాగాలు చేసి, ఒక్కొక్క భాగాన్ని స్వతంత్ర కంప్యూటర్ లాగా చూపిస్తుంది. అలా ఏర్పడిన వర్చువల్ యంత్రాలను అతిథులుగానూ, వాటికి చోటిచ్చిన భౌతిక యంత్రాన్ని ఆతిథేయిగానూ వ్యవహరించవచ్చు.

ఈ ఏర్పాటులో రెండు విశేషాలు ఉన్నాయి. మొదటిది, ఒకే ఆతిథేయి మీద పరస్పరం సంబంధం లేని అతిథులు ఉండవచ్చు. ఒక సంస్థ జీతాల యంత్రం పక్కనే మరొక సంస్థ ప్రయోగాత్మక యంత్రం నడుస్తూ ఉండవచ్చు. రెండవది, అతిథికి స్థిరనివాసం లేదు. ఆతిథేయి మరమ్మతుకు వచ్చినప్పుడు, పని ఆగకుండానే అతిథిని మరొక ఆతిథేయి మీదికి తరలించవచ్చు. దీనినే సజీవ తరలింపు అంటారు.

చోటు మారినా అతిథి చిరునామా మారకూడదు. అప్పుడే దానితో మాట్లాడుతున్న తక్కిన యంత్రాలకు అంతరాయం కలగదు. ఈ అవసరం నుంచే వర్చువల్ నెట్‌వర్కులు పుట్టాయి.

3. పొట్లంలో పొట్లం:

నెట్‌వర్కులో సమాచారం ప్యాకెట్లు అనే చిన్న పొట్లాలుగా సాగుతుంది. వర్చువల్ నెట్‌వర్కులో అతిథి పంపిన ప్యాకెట్‌ను ఆతిథేయి యథాతథంగా తీసుకొని, దానిని తన సొంత ప్యాకెట్‌లో ఉంచి, గమ్యస్థానంలోని ఆతిథేయికి పంపుతుంది. అక్కడ పై పొరను విప్పి లోపలి ప్యాకెట్‌ను అతిథికి అందజేస్తారు. రేవు భాషలో చెప్పాలంటే ఇది కంటెయినర్ పద్ధతి. లోపల బియ్యం ఉన్నా యంత్రభాగాలు ఉన్నా క్రేన్‌కు కనిపించేది పెట్టె, దాని మీది సంఖ్య మాత్రమే.

ఈ పద్ధతులలో విస్తృతంగా వాడుకలో ఉన్నది వీఎక్స్‌లాన్. దీని వివరణ 2014 ఆగస్టులో ఆర్ఎఫ్‌సీ 7348గా వెలువడింది. పాత వీలాన్ పద్ధతిలో విభాగాన్ని గుర్తించే సంఖ్యకు 12 బిట్లే ఉండటం వల్ల 4094 విభాగాలకు మించి సాధ్యం కాదు. వీఎక్స్‌లాన్ ఆ సంఖ్యకు 24 బిట్లు కేటాయించి, విభాగాల సంఖ్యను 1 కోటి 60 లక్షలు దాటించింది. ఇదే కోవకు చెందిన జెనీవ్ అనే పద్ధతి 2020 నవంబరులో ఆర్ఎఫ్‌సీ 8926గా ప్రమాణమైంది.

అయితే వీఎక్స్‌లాన్ పెట్టెకు తాళం లేదు, సీలు కూడా లేదు. లోపలి ప్యాకెట్ సాదాగానే ఉంటుంది. విభాగ సంఖ్య పెట్టె మీద బహిరంగంగా రాసి ఉంటుంది. దారిలో ఉన్నవారు దానిని చదవవచ్చు. అంతకన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. ఆతిథేయి దాకా ప్యాకెట్ పంపగలిగిన వ్యక్తి ఎవరైనా తనకు నచ్చిన విభాగ సంఖ్య రాసి ఒక నకిలీ పెట్టెను పంపితే, ఆతిథేయి దానిని అసలైనదిగానే భావించి అతిథికి అందిస్తుంది. కాబట్టి విభాగ సంఖ్య ఒక అతిథిని మరొక అతిథి నుంచి వేరుచేయడానికి ఉపకరిస్తుందే తప్ప, తీగ మీద కూర్చున్న శత్రువు నుంచి రక్షించలేదు.

4. లోపలి బాట మీద నమ్మకం – దాని పరిమితులు:

సంస్థల నెట్‌వర్కులు చాలాకాలం కోట నమూనాలో నిర్మితమయ్యాయి. సింహద్వారం దగ్గర కట్టుదిట్టమైన కాపలా, లోపల స్వేచ్ఛ. ఆ నమూనా ఎంతవరకు నిలుస్తుందో మూడు సందర్భాలు తెలియజేస్తాయి.

4.1. డేటా కేంద్రాల మధ్య తీగలు: 2013 అక్టోబరు 30న వాషింగ్టన్ పోస్ట్ పత్రిక, ఎడ్వర్డ్ స్నోడెన్ వెల్లడించిన పత్రాల ఆధారంగా ఒక కథనం ప్రచురించింది. గూగుల్, యాహూ సంస్థల డేటా కేంద్రాలను కలిపే ప్రైవేటు తీగల నుంచి అమెరికా, బ్రిటన్ నిఘా సంస్థలు సమాచారాన్ని సేకరిస్తున్నాయన్నది దాని సారాంశం. వినియోగదారుడి నుంచి సంస్థ ద్వారం దాకా సమాచారం గుప్తంగానే వచ్చేది. ద్వారం దాటాక ఆ రక్షణ తొలగిపోయేది. ఈ కథనం తరువాత డేటా కేంద్రాల మధ్య సాగే సమాచారాన్నంతా 2014 తొలి త్రైమాసికం చివరికల్లా గుప్తీకరిస్తామని యాహూ ప్రకటించింది. గూగుల్ అప్పటికే మొదలుపెట్టిన పనిని వేగవంతం చేసింది.

4.2. సజీవ తరలింపు: అతిథిని తరలించడమంటే దాని జ్ఞాపకశక్తిలోని ప్రతి పుటనూ నెట్‌వర్కు మీదుగా పంపడమే. ఆ పుటలలో పాస్‌వర్డులు, గుప్తీకరణ కీలు, తెరిచి ఉన్న పత్రాలు అన్నీ ఉంటాయి. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ ఒబర్‌హైడ్, ఇవాన్ కుక్, ఫర్నామ్ జహానియన్ అనే పరిశోధకులు 2008లో ఈ దారి ఎంత బలహీనమైనదో ప్రయోగపూర్వకంగా నిరూపించారు. తరలింపు మధ్యలో ప్రయాణిస్తున్న పుటలను మార్చి, అతిథి ప్రవర్తననే మార్చవచ్చని వారు చూపారు. డిస్కు మీద ఎంత గట్టి తాళం వేసినా, జ్ఞాపకశక్తి బహిరంగంగా ప్రయాణిస్తే ఆ తాళం వ్యర్థం. వీఎంవేర్ సంస్థ 2016లో విడుదల చేసిన వీస్ఫియర్ 6.5లో తరలింపు గుప్తీకరణను ప్రవేశపెట్టింది.

4.3. విపత్తు – ప్రతిరూపం: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకింది. విద్యుత్తు, సమాచార వ్యవస్థలు రోజుల తరబడి దెబ్బతిన్నాయి. తీరనగరంలోని ఏ సంస్థ అయినా తన సమాచారానికి దూరప్రాంతంలో ఒక ప్రతిరూపం ఉంచుకోవలసిన అవసరాన్ని ఈ అనుభవం స్పష్టం చేసింది. కానీ ప్రతిరూపం ఉంచడమంటే సమాచారం నిరంతరం ఒక ఊరి నుంచి మరొక ఊరికి, అద్దెకు తీసుకున్న తీగల మీదుగా ప్రయాణించడం. వర్చువల్ నెట్‌వర్కులో ఈ రెండు చోట్లూ ఒకే గదిలో ఉన్నట్టు అతిథికి అనిపిస్తుంది. అతిథికి లోపలిగా కనిపించే దారి నిజానికి వందల కిలోమీటర్ల పొడవున ఇతరుల స్తంభాలు, గొట్టాలు, మార్పిడి కేంద్రాల గుండా సాగుతూ ఉంటుంది. లోపల, బయట అనే భేదం ఈ విధంగా చెరిగిపోతుంది.

5. తాళం ఏ అంతస్తులో వేయాలి?

సందేశాన్ని ఇతరులకు అర్థం కాకుండా రాయడం భారతీయ సంప్రదాయానికి కొత్తది కాదు. వాత్స్యాయనుడు పేర్కొన్న 64 కళలలో మ్లేచ్ఛితవికల్పం ఒకటి. కౌటిల్యుని అర్థశాస్త్రం గూఢచారుల సమాచారం చేరవేయడానికి సంజ్ఞాలిపిని ప్రస్తావిస్తుంది. ఆధునిక గుప్తీకరణలో రహస్యం లిపిలో ఉండదు. పద్ధతి లోకానికంతటికీ తెలిసినదే. రహస్యమంతా కీలో, అంటే తాళంచెవి వంటి ఒక సంఖ్యలో ఉంటుంది. 2001లో అమెరికా ప్రమాణాల సంస్థ ఆమోదించిన ఏఈఎస్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఆ తాళాన్ని నాలుగు అంతస్తులలో ఎక్కడైనా వేయవచ్చు.

అప్లికేషన్ స్థాయి: ప్రతి ప్రోగ్రామూ టీఎల్ఎస్ పద్ధతిలో తన సందేశాన్ని తానే గుప్తీకరించుకుంటుంది. మూలం నుంచి గమ్యం దాకా రక్షణ ఉంటుంది కనుక ఇది ఉత్తమం. కానీ పాత ప్రోగ్రాములకు ఈ శక్తి ఉండదు. పారిశ్రామిక యంత్రాల నియంత్రణలో నేటికీ వాడుకలో ఉన్న మాడ్‌బస్ 1979 నాటిది. దాని మూలరూపంలో గుప్తీకరణ గాని, పంపినవారి గుర్తింపు గాని లేవు.

అతిథి స్థాయి: ప్రతి వర్చువల్ యంత్రంలోనూ గుప్తీకరణ ఏర్పాటు చేయవచ్చు. ఇక్కడ వర్చువలైజేషన్‌కే ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. అతిథి స్థితిని భద్రపరచి, తరువాత అదే స్థితికి తిరిగి తీసుకురావడం మామూలు పని. అలా వెనక్కి వెళ్ళిన యంత్రం ఇంతకుముందు వాడిన యాదృచ్ఛిక సంఖ్యలనే మళ్ళీ వాడే ప్రమాదం ఉందని థామస్ రిస్టెన్‌పార్ట్, స్కాట్ యిలెక్ 2010లో చూపారు. ఒకసారి మాత్రమే వాడవలసిన సంఖ్యను రెండుసార్లు వాడితే గుప్తీకరణ బలం కూలిపోతుంది.

ఆతిథేయి స్థాయి: అతిథి ప్యాకెట్‌ను పెట్టెలో ఉంచిన తరువాత, ఆ పెట్టెకే ఆతిథేయి తాళం వేస్తుంది. అతిథికి ఈ విషయం తెలియనవసరం లేదు. పాత ప్రోగ్రాములను, మార్చడానికి వీలులేని వ్యవస్థలను కూడా ఒకేసారి కాపాడవచ్చు. ఈ వ్యాసం ప్రధానంగా చర్చించేది ఈ స్థాయినే.

తీగ స్థాయి: 2006లో ప్రమాణమైన మ్యాక్‌సెక్ ఒక్కొక్క తీగను విడిగా కాపాడుతుంది. ఇది వేగవంతమైనది. కాని మధ్యలో ఉన్న ప్రతి స్విచ్చి దగ్గరా సమాచారం విప్పబడి, మళ్ళీ గుప్తీకరించబడుతుంది. స్విచ్చిని నమ్మలేని చోట ఇది చాలదు.

6. ఐపీసెక్ పనిచేసే విధానం:

ఆతిథేయుల మధ్య గుప్తీకరణకు విరివిగా వాడే ప్రమాణం ఐపీసెక్. దీని పని రెండు దశలలో సాగుతుంది.

మొదటి దశ పరిచయం, కీ ఒప్పందం. ఐకేఈవీ2 అనే పద్ధతిలో రెండు ఆతిథేయులు సర్టిఫికెట్ల ద్వారా ఒకదానినొకటి గుర్తిస్తాయి. డిఫీ, హెల్మన్ 1976లో ప్రతిపాదించిన సూత్రం ప్రకారం, కీని తీగ మీద పంపకుండానే ఇద్దరికీ ఒకే రహస్యం ఏర్పడుతుంది. ప్రతి సమావేశానికీ కొత్త రహస్యం పుడుతుంది కాబట్టి, రేపు సర్టిఫికెట్ తాలూకు కీ దొంగిలించబడినా నిన్నటి సంభాషణను విప్పడం సాధ్యం కాదు. క్వాంటం కంప్యూటర్లు ఈ సూత్రాన్ని ఛేదించగలవన్న ఆలోచనతో, వాటికి లొంగని ఎంఎల్-కెమ్ పద్ధతి 2024 ఆగస్టులో ప్రమాణమైంది. ఏళ్ళ తరబడి రహస్యంగా ఉండవలసిన సమాచారం విషయంలో ఈ మార్పు ముఖ్యమైనది. నేడు సేకరించి దాచిన సమాచారాన్ని రేపు విప్పే అవకాశం ఉంటుంది.

రెండవ దశ రవాణా. ఈఎస్‌పీ పద్ధతిలో ప్రతి ప్యాకెట్ గుప్తీకరించబడుతుంది. దానితోపాటు దానికి ఒక ముద్ర, ఒక వరుస సంఖ్య చేరుతాయి. ప్యాకెట్‌లో ఒక్క బిట్ మారినా ముద్ర సరిపోదు, ఆతిథేయి దానిని పారవేస్తుంది. పాత ప్యాకెట్‌ను నకలు తీసి మళ్ళీ పంపితే వరుస సంఖ్య పట్టిస్తుంది. కంటెయినర్ విషయంలో తాళం వేరు, సీలు వేరు. లోపల ఏముందో తెలియకుండా చేసేది తాళం. దారిలో ఎవరూ తెరవలేదని తెలియజేసేది సీలు. ఏఈఎస్-జీసీఎం వంటి పద్ధతులు ఈ రెండింటినీ ఒకేసారి అందిస్తాయి. కర్మాగారం వంటి చోట్ల రహస్యం కన్నా ముద్రకే ఎక్కువ విలువ. కొలిమి ఉష్ణోగ్రత ఎంతో పరులకు తెలియడం కన్నా, నియంత్రణ గదికి తప్పుడు ఉష్ణోగ్రత చేరడం ప్రమాదకరం.

ఐపీసెక్‌కు సులభమైన ప్రత్యామ్నాయంగా వైర్‌గార్డ్ వచ్చింది. ఇది 2020 మార్చిలో విడుదలైన లినక్స్ 5.6 కెర్నెల్‌లో భాగమైంది. ఎంపికలు తక్కువగా ఉండటం వల్ల తప్పుగా అమర్చే అవకాశం కూడా తక్కువ.

7. వ్యయం:

గుప్తీకరణ ఉచితంగా రాదు. దాని వ్యయాన్ని నాలుగు విధాలుగా చూడవచ్చు.

7.1. స్థలం: సాధారణ ఈథర్‌నెట్ ప్యాకెట్‌లో 1500 బైట్లు పడతాయి. వీఎక్స్‌లాన్ పొర 50 బైట్లు తీసుకుంటే అతిథికి 1450 మిగులుతాయి. దాని మీద ఈఎస్‌పీ పొర చేరితే ఏఈఎస్-జీసీఎం వాడుకలో మిగిలేది 1416. ఈ లెక్క అతిథికి చెప్పకపోతే పెద్ద ప్యాకెట్లు ముక్కలవుతాయి, లేదా నిశ్శబ్దంగా పోతాయి. చిన్న సందేశాలు చేరుతూ పెద్ద ఫైళ్ళు మాత్రమే ఆగిపోవడం ఈ పొరపాటు లక్షణం. భౌతిక నెట్‌వర్కు పరిమితిని 9000 బైట్ల దాకా పెంచడం దీనికి మేలైన పరిష్కారం.

7.2. శ్రమ: 2010 నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో ఏఈఎస్ కోసం ప్రత్యేక ఆదేశాలు చేరాయి. అందువల్ల గుప్తీకరణ భారం చాలా తగ్గింది. అయినా ఒక సూక్ష్మమైన ఇబ్బంది మిగిలింది. వీఎక్స్‌లాన్ ప్యాకెట్ల పోర్టు సంఖ్యలను చూసి నెట్‌వర్కు కార్డు పనిని వివిధ ప్రాసెసర్ కోర్లకు పంచుతుంది. ఈఎస్‌పీ ఆ సంఖ్యలను కూడా దాచివేస్తుంది. ఫలితంగా రెండు ఆతిథేయుల మధ్య సమాచారమంతా ఒకే కోరు మీద పడి, తక్కినవి ఖాళీగా ఉండవచ్చు. రెండు యంత్రాల మధ్య ఒకటికి బదులు అనేక సమాంతర ఒప్పందాలు ఏర్పరచడం, గుప్తీకరణను కార్డుకే అప్పగించడం దీనికి నివారణలు.

7.3. కాలం: ఈఎస్‌పీ వరుస సంఖ్య మామూలుగా 32 బిట్లు. సెకనుకు 10 గిగాబిట్ల తీగ పూర్తి పరిమాణపు ప్యాకెట్లతో నిండుగా నడిస్తే ఆ సంఖ్యలు సుమారు గంటన్నరలో అయిపోతాయి. వేగవంతమైన నెట్‌వర్కులలో 64 బిట్ల విస్తృత సంఖ్యను ఎంచుకోవాలి, లేదా కీని తరచుగా మార్చాలి.

7.4. నిర్వహణ: 100 ఆతిథేయులు ఒకదానితో ఒకటి మాట్లాడాలంటే 4950 జంటలు ఏర్పడతాయి. ఒక్కొక్క దిశకు ఒక్కొక్క ఒప్పందం చొప్పున 9900 ఒప్పందాలు కావాలి. చేతితో కీలు రాసిపెట్టే పద్ధతి ఇక్కడ నిలవదు. సర్టిఫికెట్లు జారీ చేయడం, గడువుకు ముందే మార్చడం, తొలగించిన యంత్రం సర్టిఫికెట్‌ను రద్దు చేయడం యాంత్రికంగా జరగాలి. గడువు విషయంలో అశ్రద్ధ ఎంత నష్టం తెస్తుందో 2018 డిసెంబరు 6న తెలిసింది. ఎరిక్సన్ సంస్థ పరికరాల సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్ గడువు ముగియడంతో బ్రిటన్‌లో ఓ2, జపాన్‌లో సాఫ్ట్‌బ్యాంక్ వినియోగదారులకు మొబైల్ సేవలు స్తంభించాయి. రేవులో అలా జరిగితే ఏ శత్రువూ లేకుండానే గేట్లు ఆగిపోతాయి.

8. ఉందనుకున్న రక్షణ:

గుప్తీకరణ లేకపోవడం కన్నా, లేని గుప్తీకరణ ఉందనుకోవడం ప్రమాదకరం. డాకర్ అనే ప్రసిద్ధ కంటెయినర్ సాఫ్ట్‌వేర్‌లో గుప్త వర్చువల్ నెట్‌వర్కు అనే సౌకర్యం ఉంది. అది వీఎక్స్‌లాన్ మీద ఈఎస్‌పీని అమర్చుతుంది. ఏ ప్యాకెట్లను గుప్తీకరించాలో గుర్తించడానికి లినక్స్ కెర్నెల్‌లోని ఒక చిన్న భాగం మీద అది ఆధారపడింది. కొన్ని లినక్స్ పంపిణీలు ఆ భాగాన్ని తొలగించాయి. అటువంటి యంత్రాలలో నెట్‌వర్కు గుప్తమని పేరుకు ఉన్నా, సమాచారం సాదాగా వెళ్ళే అవకాశం ఏర్పడింది. బయటి నుంచి వచ్చిన సాదా ప్యాకెట్లను అంగీకరించే లోపం కూడా దానితోపాటు బయటపడింది. 2023 ఏప్రిల్‌లో ఈ లోపాలను ప్రకటించి సరిదిద్దారు.

దీని నుంచి రెండు సూత్రాలు గ్రహించాలి. మొదటిది, గుప్తీకరణ సాధ్యం కానప్పుడు ప్యాకెట్‌ను ఆపివేయాలే తప్ప సాదాగా పంపకూడదు. రెండవది, అమరిక పత్రాన్ని చూసి తృప్తిపడకుండా భౌతిక తీగ మీద ప్యాకెట్లను పట్టి చూడాలి. వీఎక్స్‌లాన్‌కు కేటాయించిన 4789 పోర్టు సంఖ్యతో సాదా ప్యాకెట్లు తీగ మీద కనిపిస్తే రక్షణ లేనట్టే.

9. గుప్తీకరణ దాచలేనిది – ఘాజీ ఉదంతం:

సందేశంలోని విషయం దాగినా సందేశం వెళ్ళిందన్న విషయం దాగదు. విశాఖపట్నం చరిత్రలోనే దీనికి సాటిలేని ఉదాహరణ ఉంది. 1971 నవంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, భారత విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుకుతూ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్‌ను అప్పటికే అండమాన్ దీవుల వైపు పంపివేశారు. దాని స్థానంలో పాత నౌక అయిన రాజ్‌పుత్‌ను విక్రాంత్‌గా నటించమని తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ ఆదేశించారు. పెద్ద నౌకకు ఉండవలసినంత భారీ స్థాయిలో రాజ్‌పుత్ వైర్‌లెస్ సందేశాలు పంపింది. విక్రాంత్‌లోని ఒక నావికుడు తల్లి ఆరోగ్యం గురించి విచారిస్తున్నట్టుగా ఒక సాదా తంతిని కూడా కావాలనే పంపారు. కృష్ణన్ తన జ్ఞాపకాల గ్రంథంలో ఈ వ్యూహాన్ని వివరించారు. డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి ఘాజీ విశాఖపట్నం సమీపంలో మునిగిపోయింది. అది ఎలా మునిగిందన్న విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నా, వైర్‌లెస్ వ్యూహం జరిగిన తీరు నేటి నెట్‌వర్కులకు రెండు పాఠాలు చెబుతుంది.

మొదటి పాఠం, రాకపోకల పరిమాణమే ఒక సమాచారం. ఏ ఆతిథేయి ఏ ఆతిథేయితో ఎప్పుడు, ఎంతసేపు మాట్లాడిందో గుప్తీకరించిన తీగ మీద కూడా కనిపిస్తుంది. అర్ధరాత్రి రెండు యంత్రాల మధ్య హఠాత్తుగా భారీ ప్రవాహం కనిపిస్తే అది ప్రతిరూపం కావచ్చు, తరలింపు కావచ్చు అని పరిశీలకుడు ఊహించగలడు. రెండవ పాఠం, పంపినవారెవరో నిర్ధారించే ముద్ర లేని సందేశాన్ని నమ్మరాదు. సాదా తంతి ఒక కల్పిత నావికుడికి ప్రాణం పోసింది. ముద్ర లేని వీఎక్స్‌లాన్ పెట్టె కల్పిత యంత్రానికి ప్రాణం పోయగలదు.

మరొక పరిమితి కూడా ఉంది. దారికి తాళం వేసినంత మాత్రాన దారి చివర ఉన్న ఇల్లు భద్రం కాదు. 2014లో జర్మనీ సమాచార భద్రతా సంస్థ తన వార్షిక నివేదికలో ఒక ఉక్కు కర్మాగారం మీద జరిగిన దాడిని పేర్కొన్నది. దుండగులు మోసపు ఈమెయిళ్ళతో కార్యాలయ నెట్‌వర్కులో ప్రవేశించి, అక్కడి నుంచి ఉత్పత్తి నెట్‌వర్కును చేరారు. ఒక బ్లాస్ట్ ఫర్నేస్‌ను సక్రమంగా ఆపడం సాధ్యం కాక భారీ నష్టం జరిగింది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని కొలుములకు పేర్లు పెట్టుకున్న విశాఖపట్నానికి ఆ వార్త దూరదేశపు సంగతి కాదు. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే విధ్వంసక ప్రోగ్రామ్ మెర్స్క్ నౌకాయాన సంస్థను దెబ్బతీసినప్పుడు ముంబై సమీపంలోని జవహర్‌లాల్ నెహ్రూ రేవులో ఒక టెర్మినల్ పనులు కూడా ఆగాయి. ఈ రెండు సందర్భాలలోనూ దాడి ఆరంభమైనది తీగ మీద కాదు, యంత్రం లోపల. ఆతిథేయుల మధ్య గుప్తీకరణ అటువంటి దాడిని ఆపలేదు. నెట్‌వర్కు విభజన, అధికారాల పరిమితి, సకాలంలో లోపాల సవరణ దానికి తోడు ఉండాలి.

10. అన్వయం:

సమాచార సాంకేతిక చట్టం 2000లోని 70వ సెక్షన్ కీలక సమాచార మౌలిక వ్యవస్థలకు ప్రత్యేక రక్షణ కల్పిస్తుంది. అటువంటి వ్యవస్థల కోసం 2014 జనవరిలో జాతీయ స్థాయిలో ఒక పరిరక్షణ కేంద్రం ఏర్పడింది. కంప్యూటర్ భద్రతా సంఘటనలను 6 గంటలలోగా తెలియజేయాలని, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. ఈ చివరి అంశానికి గుప్తీకరణతో నేరుగా సంబంధం ఉంది. తీగ మీద అంతా గుప్తమైతే, తీగ మధ్యలో అమర్చిన నిఘా పరికరాలకు ఏమీ కనిపించదు. అందువల్ల పరిశీలన కూడా ఆతిథేయి దగ్గరికి, పెట్టె విప్పే చోటికి మారాలి. ఈ మార్పును ముందుగా ఆలోచించకుండా గుప్తీకరణ మొదలుపెడితే ఒక కన్ను తెరిచి మరొక కన్ను మూసినట్టవుతుంది.

అమలు క్రమం విషయంలోనూ వివేచన అవసరం. మొదట భవనం దాటి వెళ్ళే దారులు, అంటే ప్రతిరూపాలు ప్రయాణించే తీగలు. తరువాత సజీవ తరలింపు దారి. ఆ తరువాత మార్చడానికి వీలులేని పాత ప్రోగ్రాములు నడిచే ఆతిథేయులు. చివరగా తక్కినవన్నీ. ప్రతి దశలోనూ ముందు ప్యాకెట్ పరిమాణం సరిచూసి, తరువాత తాళం వేసి, ఆపైన తీగ మీద పరీక్షించాలి.

ముగింపు:

1. వీఎక్స్‌లాన్ వంటి పద్ధతులు అతిథులను వేరుచేస్తాయి గాని, సమాచారాన్ని దాచవు, పంపినవారిని నిర్ధారించవు.

2. సజీవ తరలింపు, దూరప్రాంత ప్రతిరూపాల వల్ల వర్చువల్ నెట్‌వర్కులో లోపలి దారి అనేది నమ్మదగిన భావన కాకుండా పోయింది.

3. ఆతిథేయి స్థాయి గుప్తీకరణ పాత ప్రోగ్రాములతో సహా అతిథులందరినీ ఒకేసారి కాపాడుతుంది. అప్లికేషన్ స్థాయి గుప్తీకరణకు అది తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు.

4. గణిత పద్ధతులు నేడు బలంగానే ఉన్నాయి. విఫలమయ్యేవి కీ నిర్వహణ, గడువులు, అమరికలు. సంస్థలు తమ శ్రద్ధను అక్కడ పెట్టాలి.

5. రాకపోకల తీరును, దారి చివరి యంత్రాలను గుప్తీకరణ కాపాడలేదు. ఈ సత్యాన్ని ఘాజీ ఉదంతం అర్ధశతాబ్దం కిందటే చూపింది.

6. సముద్రగర్భ కేబుళ్ళు, భారీ డేటా కేంద్రాలు రానున్న విశాఖపట్నంలో ఈ నిర్మాణాలు మొదలయ్యే దశలోనే గుప్తీకరణకు చోటు కల్పించడం, నడుస్తున్న వ్యవస్థను ఆపి మార్చడం కన్నా సులభం. అందుకు కావలసిన కీ నిర్వహణ నిపుణులను తయారుచేయడం స్థానిక విశ్వవిద్యాలయాలు, ఇంజనీరింగ్ కళాశాలలు చేపట్టదగిన పని.